ఊట దారిలో గొడుగావిడ

“అమ్మా, ఆ తాడు దాటకండి!”

కొత్త గైడు కేకకి అందరూ ఆగారు, ఒక్క గొడుగావిడ తప్ప. ఆవిడ గొడుగు మూసి, దాని కొనతో ఏటి వైపు కట్టిన తాడుని పైకెత్తి, కిందనుంచి తల దూర్చే ప్రయత్నంలో ఉంది.

గుంపు చివర నడుస్తున్న రేంజరు నిట్టూర్చాడు. గైడు అమ్మాయికి ఇవాళే పరీక్ష. వచ్చినవాళ్ళని ఏటి ఒడ్డున అడవిలోంచి ఊట దాకా తీసుకెళ్ళి, మళ్ళీ క్షేమంగా గేటు దగ్గర అప్పగిస్తే ఉద్యోగం. లేకపోతే లేదు. పాసు చెయ్యాల్సిందీ, ఫెయిలు చెయ్యాల్సిందీ తనే. సరిగ్గా ఇలాంటి రోజునే ఈ గొడుగావిడ దాపురించింది. బయల్దేరినప్పటినుంచీ ఆవిడ నోటికి తెరిపి లేదు.

“సులువైన నడక అని బోర్డు పెట్టారు. రాసినవాడికి మోకాళ్ళు లేవు కాబోలు,” అంది మొదటి మలుపులోనే. ఇంకాస్త దూరం పోయాక, “పిట్టలు మా డాబా మీదా వాలతాయి, దానికి అడవి దాకా రావాలా?” అంది. గైడు ఒక వడ్రంగిపిట్టని చూపిస్తుంటే, “ఇంట్లో అంట్లు అలాగే వదిలేసి, ఊళ్ళోవాళ్ళకి పిట్టల్ని చూపిస్తూ తిరిగితే సంసారం నడిచినట్టే!” అని అందరికీ వినబడేలా అంది. నలుగురూ నవ్వారు. గైడు చెవులు ఎర్రబడ్డాయి గానీ నోరు మెదపలేదు.

ఇప్పుడు మెదిపింది.

“వెనక్కి రండమ్మా. ఆ రాళ్ళ నిండా నాచు. జారితే తిన్నగా ఏట్లోకే.”

“కాళ్ళు తడుపుకుని వస్తాను. ఏరేమన్నా నీ పుట్టింటి సొత్తా?”

“నా సొత్తయితే మీ ఇష్టం అనేదాన్ని. కాదు కాబట్టే కుదరదంటున్నాను.”

“కుదరదా? నాకా? నేనెవరో తెలిసే మాట్లాడుతున్నావా?”

ఇలా అడిగేవాళ్ళలో నిజంగానే పెద్ద హోదా ఉన్నవాళ్ళు కూడా ఉంటారని రేంజరుకి అనుభవం. గబగబా ముందుకొచ్చి గైడు చెవిలో గొణిగాడు.

“పోనిద్దూ. ఒక్కసారి కాళ్ళు తడుపుకుంటే ఏరు అరిగిపోతుందా? చూడనట్టు నడిచెయ్యి.”

“మీరు చూడకండి సార్. నేను చూసేశాను,” అంది ఆమె, గొంతు తగ్గించకుండా. తర్వాత ఈల తీసి గట్టిగా ఊదింది. చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారే లేచిపోయాయి.

“అందరూ ఇక్కడే ఆగండి. ఆవిడ దారిలోకి వచ్చేదాకా ఎవరం కదలం.”

“అదేంటమ్మా! మేం ఊట చూడొద్దూ?” అన్నాడు కెమెరా వేలాడేసుకున్న ఒకాయన. ఆయన భార్య అంతకంటే గట్టిగా అదే మాట అంది.

గొడుగావిడ ముఖం వికసించింది. ఒక చెప్పు విడిచి, కాలు తాడు అవతల పెట్టింది. “విన్నావా? అందరూ నిన్నే అంటున్నారు. దిగుతున్నాను. ఏం చేస్తావో చెయ్యి.”

“నడక ఇక్కడితో ఆపేసి అందర్నీ గేటుకి తీసుకెళ్తాను.”

“ఊట దాకా వెళ్ళకపోతే నువ్వు ఫెయిలు,” అన్నాడు రేంజరు. “తెలుసుగా?”

“తెలుసు సార్.” ఆమె ఉన్నచోటినుంచి కదల్లేదు. “ఫెయిలు చేసెయ్యండి. ఆవిడ కాలు విరిగాక నేను పాసయ్యి ఏం చేసుకోను?”

“నా మాటకి ఎదురు చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు,” అంది గొడుగావిడ పళ్ళు కొరుకుతూ.

“నిజమే. ఇంతవరకూ లేరు,” అంటూ గైడు చెయ్యి చాచింది. “పట్టుకోండి. ఇటు రండి.”

ఆవిడ ఆ చేతి వంక చూసింది. ముఖం వంక చూసింది. మళ్ళీ చేతి వంక చూసింది, అది ఎవరిదో ఇప్పుడే చూస్తున్నట్టు. చెయ్యి మాత్రం పట్టుకోలేదు. గొడుగు ఊతంగా పెట్టుకుని, చెప్పు తొడుక్కుని, తనంతట తానే దారిలోకి వచ్చింది.

ఊట దగ్గర బండల సందులోంచి నీళ్ళు చప్పుడు లేకుండా పైకి వస్తున్నాయి. “ఎవరూ తోడరు. లోపల పట్టలేనన్ని అయినప్పుడు వాటంతటవే పైకొస్తాయి,” అని చెప్పింది గైడు. కెమెరా ఆయన ఫొటోలు తీసుకుని అన్నీ మర్చిపోయాడు. గొడుగావిడ అక్కడ కట్టిన తాడుకి ఇవతలే నిలబడి, నీళ్ళ వైపు ఓరగా చూసి, “బురద చేస్తాయి,” అంది.

గేటు దగ్గరికి రాగానే ఆవిడ తిన్నగా రేంజరు మీదికే వచ్చింది. “ఆ పిల్లకి చిన్నంతరం పెద్దంతరం లేదు. దానికి ఉద్యోగం ఇచ్చారంటే ఊరుకోను!”

చూడనట్టు నడిచెయ్యమన్న తన మాటకి రేంజరు అప్పటికీ సిగ్గుపడుతూనే ఉన్నాడు. “ఇచ్చేశానమ్మా,” అన్నాడు. “రేపట్నుంచి వస్తుంది.”

ఆవిడ మూతి తిప్పుకుని, రోడ్డు పక్క బస్సు బెంచీ మీద గొడుగు విప్పుకుని కూర్చుంది.

అందరూ వెళ్ళిపోయారు. గైడు సంచీ తగిలించుకుని బయటికి వచ్చేసరికి, బెంచీ మీద ఆ ఒక్క గొడుగే ఉంది.

“అమ్మాయీ, ఆవిడ నీకోసమే కాచుక్కూర్చున్నట్టుంది,” అన్నాడు రేంజరు. “జీపులో దింపెయ్యనా?”

“వద్దు సార్. బస్సులోనే వెళ్తాను.”

“ఇంటిదాకా వెంటపడి వచ్చి గొడవ చేసే రకంలా ఉందమ్మా.”

“రానివ్వండి సార్,” అంది ఆమె, తల ఎత్తి బెంచీ వైపు అడుగు వేస్తూ. “ఆవిడ ఇల్లూ అదే. మా అత్తగారు.”