తడి ఆరని పైపులు

"శనివారం వస్తున్నా" అని నాన్న ఫోన్ చేయగానే ప్రవీణ ఆఫీసు క్యాంటీన్‌లోనే భర్త బాలు చెయ్యి పట్టుకుని గిర్రున తిరిగింది.

పెళ్లయి రెండు నెలలైనా విశ్వేశ్వరరావు కూతురి కాపురం చూడ్డానికి రాలేదు. అల్లుడు పొగ పైపు అలవాటు నిజంగా మానలేదేమోనన్న అనుమానమే కారణం. ఆయనా ఒకప్పుడు పైపు కాల్చినవాడే. గుండెకు స్టెంటు పడ్డాక మానేశాడు. బాలు కూడా మానేస్తానని మాటిచ్చాకే ఆయన పెళ్లికి ఒప్పుకున్నాడు. మాట తప్పారని తెలిస్తే మీ గడప తొక్కనని అప్పుడే చెప్పాడు.

శనివారం సాయంత్రం మూసాపేట నుంచి మెట్రోలో వచ్చి, కొండాపూర్‌లో ఆటో దిగాడు. టీ తాగి ఫ్లాటంతా చూశాడు. సింకులో ఇద్దరికీ కలిపి ఒకటే కంచం ఉంది. చూడనట్టే నవ్వుకున్నాడు.

బాల్కనీలోకి వెళ్లాక ఆ నవ్వు పోయింది.

బట్టల స్టాండు కింద, పాత తువ్వాలు మీద మూడు పైపులు బోర్లించి ఉన్నాయి. కాడలు ఊడదీసి పక్కన పెట్టారు. ఒకదాంట్లో వేలు పెట్టి చూశాడు. తడి.

ఊరికే ఉన్న పైపుకు తడి ఎక్కడిది? కాల్చిన పైపుకే చెమ్మ పడుతుంది. అందుకే ఒకటి ఆరేలోగా ఇంకోటి వాడతారు. మూడు ఉన్నాయంటే రోజూ సాగుతోందన్నమాట. వాసన చూస్తే నిమ్మకాయ. పొగ కంపు తెలియకుండా ఏదో కొట్టారు, దొంగలు.

అంతలో కింద పార్కులోంచి పిల్లలు తలెత్తి అరిచారు. "ఇయ్యాల లేదా అంకుల్?"

పిల్లలకు కూడా తెలిసిపోయింది.

"అల్లుడుగారూ" అని పిలిచాడు. "రోజూ వాడుతున్నారా ఇవి?"

బాలు చెవులు ఎర్రబడ్డాయి. "వాడుతున్నామండి మామయ్యగారూ. ఆఫీసులో తెలిస్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

"నవ్వడం దేనికి? ఏడవాలి."

"ఆయన్నొక్కణ్ణే అనకు నాన్నా" అంది ప్రవీణ. "నేనూ ఉన్నాను. మొదలుపెట్టిందే నేను."

విశ్వేశ్వరరావు కుర్చీలో కూలబడ్డాడు. "నా సంచీ ఇటివ్వమ్మా, వెళ్తాను" అన్నాడు.

ప్రవీణ సంచీ ఇవ్వలేదు. వంటింట్లోంచి మూత పెట్టిన మగ్గొకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. మూడింట్లో బాగా ఆరిన పైపు ఏరి, కాడ బిగించి, చేతిలో పెట్టింది.

"రేపు సాయంత్రం ఆ పిల్లలతో పందెం ఉంది నాన్నా, నువ్వు మా జట్టు, వాళ్లకంటే పెద్ద సబ్బుబుడగ ఊదాలి."