ఆరువేల ఓట్లు

"గంటలోపల ఆపరేషన్ చెయ్యాలి సార్. తలలో రక్తం గడ్డకట్టింది. ఇప్పుడు చేస్తే బతుకుతారు. ఆలస్యమైతే ఇక నా చేతుల్లో ఉండదు," అంటూ డాక్టరు అంగీకార పత్రం ఎమ్మెల్యే ముందు పెట్టాడు.

ఎమ్మెల్యే కాగితం అందుకున్నాడు గానీ పెన్ను తియ్యలేదు. అద్దాల తలుపు అవతల మంచం మీద అతని అక్క కళ్లు మూసుకుని ఉంది. పొద్దున తమ్ముడికి ఓట్లడుగుతూ ఓ మూడంతస్తుల మేడ ఎక్కి, దిగేటప్పుడు కాలు జారి పడింది. ఊరందరికీ ఆవిడ పెద్దక్క. నాలుగుసార్లు అతనికి పడిన ఓట్లలో సగం ఆవిడ మొహం చూసి వేసినవేనని సొంత పార్టీవాళ్లే చాటుగా అనుకుంటారు.

"ఏమిటండీ ఆలోచిస్తున్నారు? పెట్టెయ్యండి సంతకం," అంది పక్కనే ఉన్న భార్య.

"చదవనీ."

వరండా చివరినుంచి బావమరిది సైగ చేశాడు. ప్రచారమంతా నడిపేది అతనే. ఎమ్మెల్యే అతని దగ్గరికెళ్లాడు.

"కొత్త సర్వే వచ్చింది బావా. మాస్టారు మనకంటే ఆరువేలు ముందున్నాడు."

మాస్టారంటే అవతలి పార్టీ అభ్యర్థి, రిటైరైన లెక్కల టీచరు. రెండుసార్లు ఇతని మీదే పోటీ చేసి ఓడిపోయాడు.

"పోలింగుకి ఇంకా నాలుగు రోజులున్నాయి కదా?"

"ఎంత తిరిగినా లాభం లేదు బావా. ఇప్పుడు జనానికి మన మీద జాలి పుట్టాలి, అంతే."

బావమరిది ఆ మాట మామూలుగానే అన్నాడు. అన్న తర్వాత ఇద్దరూ ఒకేసారి అద్దాల తలుపు వైపు చూశారు. మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఎమ్మెల్యే వెనక్కి వచ్చాడు. "రాజధాని నుంచి పెద్ద డాక్టర్ని పిలిపించాను. ఆయన వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి."

"అంత టైము లేదు సార్."

"ఆవిడ మా అక్క. ఎవరి చేతిలో పడితే వాళ్ల చేతిలో పెట్టమంటావా?"

డాక్టరు ఓ అడుగు వెనక్కి వేశాడు. అతనిది సర్కారు ఉద్యోగం. ఎక్కడికి బదిలీ అయ్యేదీ ఎదురుగా ఉన్నాయన నోటిమాటలో ఉంది.

"ఎప్పుడు పిలిపించారు? ఇందాకటినుంచీ నా కళ్లముందే ఉన్నారుగా," అంది భార్య. "ఆ కాగితం ఇలా ఇవ్వండి, నేను పెడతాను." అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి పెద్దక్కకి కాస్త తెలివొచ్చింది. తమ్ముణ్ణి పిలవమంది. అతను లోపలికెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"భోంచేశావుట్రా?"

"ఆఁ, అయిందక్కా."

"వెనక వీధి మిగిలిపోయింది. రేపు నేనెళ్లి అడుగుతాలే. నువ్వు ఎండలో తిరక్కు."

"అలాగేలే."

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్లు కావు. చెయ్యి మాత్రం జేబు వైపు పోలేదు.

మూడు గంటలకి పెద్దక్క పోయింది.

మర్నాడు ఆవిణ్ణి స్కూలు మైదానంలో జనం చూడటానికి ఉంచారు. పనులు మానుకుని మరీ వచ్చారు జనం. ఎమ్మెల్యే అక్క కాళ్లదగ్గర కూర్చుని ఏడుస్తుంటే చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. బావమరిది వంగి చెవిలో చెప్పాడు: "ఆరువేలేమిటి బావా, ఇరవై వేలు మనవైపు తిరిగాయి."

పదకొండింటికి మాస్టారు వచ్చాడు. జెండా లేదు, వెంట మనుషులు లేరు. ముందుకు రమ్మన్నా రాకుండా అందరితోపాటు ఎండలో రెండు గంటలు వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక ఎమ్మెల్యే భుజం తట్టి, "నేను ఓడిపోయిన రెండుసార్లూ మా ఇంటికొచ్చి ధైర్యం చెప్పింది ఈవిడొక్కతే నాయనా," అన్నాడు. పూలు పెట్టి పాదాలు తాకడానికి వంగాడు. వంగినవాడు మళ్లీ లేవలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం పోయింది. మైదానంలో జనమంతా మాస్టారింటికి కదిలారు. పెద్దక్క దగ్గర ఇంటివాళ్లూ, కుర్చీలు సర్దేవాళ్లూ మిగిలారు. "తోడబుట్టినవాడు కూడా అంత బాధపడలేదు, ఆయనకి గుండే ఆగిపోయింది," అని ఎవరో అన్న మాట సాయంత్రానికి ఊరంతా పాకింది.

అంత్యక్రియలు ముగించుకుని ఇంటికొచ్చి ఎమ్మెల్యే హాల్లో కూలబడ్డాడు. బావమరిది ఫోన్ పెట్టేసి ఎదురుగా కూర్చున్నాడు.

"ఎన్నిక వాయిదా వేశారు బావా. అభ్యర్థి పోయాడు కదా, రూలు అంతేనట. రెండు నెలల తర్వాత పెడతారట. వాళ్లు మాస్టారి భార్యని నిలబెడుతున్నారు."

"జనం ఏమంటున్నారు?"

"ఏమంటారు, అందరూ ఆవిడ వైపే. రెండు నెలలకి పెద్దక్క ఎవరికి గుర్తుంటుంది?" బావమరిది తల పట్టుకున్నాడు. "ఆవిడంటే మొగుణ్ణి పోగొట్టుకుంది. ఆవిడకి దీటుగా నిలబడాలంటే మనకింక ఎవరున్నారు బావా?"

భార్య టీ తెచ్చి, అతని మొహం చూడకుండా బల్లమీద పెట్టి వెనక్కి తిరిగింది.

"కాసేపు ఇలా కూర్చోరాదూ," అన్నాడు ఎమ్మెల్యే ఎంతో ప్రేమగా. "ఈమధ్య నీ ఒంట్లో ఎలా ఉంటోంది?"