మా ఊళ్లో ఆ ఒక్క ఓటు

మధ్యంతర ఎన్నికలకు వారం ముందు, ఇంటి గోడకు ప్రతిపక్షం పోస్టరు అంటిస్తున్నాను. మా సమార్ దీవిలో ఊరి పెద్దను కపితాన్ అంటాం. ఆ కపితాన్ డెన్సియో బండి ఆపాడు.

"పోయిన ఎన్నికల్లో ఈ ఊళ్లో మీ పార్టీకి ఒక్కటే ఓటు, తాతా. మా పందికూర విందుకు రానిది నువ్వొక్కడివే, ఇంకెవరిదవుతుంది? తుఫాను సాయం బియ్యం నీకు ఆపినా బుద్ధి రాలేదే."

"రాలేదు, కపితాన్."

"ఈసారి ఎన్నొస్తాయి మరి?"

"రెండు."

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

కూరకు ఓటు అమ్ముకోవడానికి సిగ్గుపడి నేను విందుకు వెళ్లలేదు. ఓటు మాత్రం భయపడి వాళ్లకే వేశాను. ఆ ఒక్క ఓటు ఎవరిదో నాకిప్పటికీ తెలియదు. నాది కాదంటే ఆ మనిషిని వెతికి పట్టుకుంటారని మూడేళ్లు నోరు విప్పలేదు.

ఈసారి దాని పక్కన నాదీ పడుతుంది.