పెళ్లిచూపుల్లో ఇంగ్లీషు పాఠం

గార్లదిన్నె పక్క పల్లెలో పెళ్లిచూపులు. పెళ్లికొడుకు శ్రీరంగప్ప బళ్లో ఇంగ్లీషు అయ్యవారు. కాబోయే మామగారు ఇచ్చిన చెంబెడు నీళ్లతో కాళ్లు కడుక్కొని వచ్చి, చాప మీద కూర్చోగానే బడి గుర్తొచ్చింది. చేతిలో బెత్తం ఒక్కటే తక్కువ.

“వాటర్ అనే మాట నామవాచకమా, క్రియా?” అని పెళ్లికూతురిని అడిగాడు.

సుబ్బరత్నమ్మ తలెత్తింది. “రెండూ సార్. చెంబులో ఉంటే నామవాచకం. చెట్టుకు పోస్తే క్రియ.”

“భలే! పాసైనావు.”

“మీ ఊర్లో ఏదుండాది సార్?”

“ఎండాకాలమైతే రెండూ ఉండవు,” అని శ్రీరంగప్ప ఒప్పుకున్నాడు.

పెళ్లికొడుకు వాళ్లు బండెక్కగానే సుబ్బరత్నమ్మను నాయన అడిగాడు. “ఏమంటావు తల్లీ? రాప్తాడు సంబంధమైతే బావిలో ఏడాది పొడుగునా నీళ్లుండాయి.”

“ఈయప్పనే చేసుకుంటా నాయనా.”

“ఇంగ్లీషుకు పడిపోయినావా ఏమి?”

“ఇంగ్లీషు అడగకముందే ఒప్పుకున్నా. రాప్తాడాయప్ప నువ్విచ్చిన నీళ్లు వాకిట్లో బండమీద గుమ్మరించుకున్నాడు. ఈయప్ప పక్కకు పోయి, మన కరివేపాకు చెట్టు పాదులో నిలబడి కాళ్లు కడుక్కున్నాడు. కిటికీలోంచి చూసినా.”

నాయన నవ్వాడు. “అయితే అయ్యవారు పాసైనాడని చెప్పంపేదా?”

“వద్దు నాయనా. పరీక్ష తానే పెట్టినాననుకొని సంతోషంగా పోతాండాడు. పోనీ పాపం.”