సగం కూత

"దేశం మొత్తం పూర్తయింది, పిట్ట ఒక్కటే మిగిలింది," అని నిట్టూర్చింది సౌండ్ ఇంజనీరు.

నిజమే మరి. బడిపిల్లలకు దేశాన్ని అరగంటలో చూపించే సినిమా అది. రెండు నదులూ, ఒక కొండల వరసా, పడమటి ఎడారీ అయిపోయాయి. రాజులు వచ్చి పోయారు, పరాయివాళ్ళు వచ్చి పోయారు, స్వాతంత్ర్యం కూడా వచ్చేసింది. చిరుతలూ మొసళ్ళూ ఒక్క పూటలో పనయ్యాయి.

మొండికేసింది జాతీయ పక్షి ఒక్కటే.

దాని పేరు తెల్లమెడ పిట్ట. నాణేల మీద ఉంది, స్టాంపుల మీద ఉంది, ప్రాణంతో మాత్రం ఎక్కడా లేదు. చిత్తడి నేలలతో పాటే అదీ పోయింది. రేడియో వాళ్ళ పాత టేపులో గొంతు ఒక్కటి మిగిలింది. రోజూ పొద్దున్నే రేడియో మొదలయ్యేది ఆ కూతతోనే. అది వినందే దేశంలో ఎవరూ పళ్ళు తోముకోరు.

ఆ కూత కాస్తా మధ్యలో టక్కున ఆగిపోతుంది.

"ఇంకాస్త లాగు," అన్నాడు డైరెక్టరు.

"ఉన్నదే అంత సార్. లేనిదాన్ని ఎక్కణ్ణించి లాగను?"

"అదంతా నాకు తెలీదు. పిట్ట సరిగ్గా రాకపోతే, తర్వాతి సినిమాకి ఇంకొకర్ని చూసుకుంటా."

ఆమె తల పట్టుకుని కూర్చున్న సమయంలోనే వచ్చాడు ఆ ముసలాయన. మెట్లెక్కిన ఆయాసానికి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, తెల్లమెడ పిట్ట సినిమా మీరే తీస్తున్నారట. రేడియోలో వచ్చే కూత సగమేనమ్మా. తర్వాత ఇంకా ఉంది. నన్నొక్క నిమిషం మైకు ముందు కూచోబెట్టండి, కూసి వినిపిస్తాను."

"మిమిక్రీ చేస్తారా తాతగారూ?"

"ఒకప్పుడు అదే పని."

"అయితే నాటకాల వాళ్ళ దగ్గరికెళ్ళండి. ఇది పిల్లలు చదువుకునే సినిమా. మాకు నిజం పిట్ట కూత కావాలి, మనుషులు కూసింది కాదు."

ముసలాయన ఏదో చెప్పబోయాడు. పెదవి కొరుక్కుని ఊరుకున్నాడు.

"ఇంకా ఉందని మీకెలా తెలుసు?" అడిగింది ఆమె.

"తెలుసమ్మా."

"బావుంది! పిట్ట పోయి ఎన్నేళ్ళయిందో, దానికి పాఠం చెప్పడానికి వచ్చారు మీరు!"

మర్నాడు మళ్ళీ తయారయ్యాడు. ఈసారి మాటకంటే ముందు దగ్గే వచ్చింది.

"ఒక్కసారి తల్లీ. నాకు ఊపిరి అయిపోతోంది. మళ్ళీ రాలేను."

అప్పటికే డైరెక్టరు చేత నాలుగు చివాట్లు తిని ఉందేమో, ఆ కోపమంతా ఈయన మీదికి మళ్ళింది.

"మీ ఊపిరి అయిపోతే పిట్టకేమిటండీ నష్టం?"

అనేసింది. అనాల్సిన మాట కాదు, అయినా అనేసింది.

వాచ్‌మన్ని పిలిచి, "ఈయన్ని కిందికి దింపిరా. ఇంకోసారి పైకి రానివ్వకు," అని చెప్పింది.

కాసేపటికి వీధిలోంచి గొంతు సవరించుకుంటున్న చప్పుడు. పేవ్‌మెంటు మీద నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు ముసలాయన.

"ఖర్మరా బాబూ," అనుకుని కిటికీ మూసేసింది.

ఆ వారమంతా టేపుతో కుస్తీ పట్టింది. ఉన్న ముక్కనే తిప్పి తిప్పి అతికిస్తే పిట్ట కూతలా లేదు, నత్తి పట్టినట్టుంది. చివరికి, ఆ టేపును రికార్డు చేసిన రేడియో పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన రిటైరై చాలా కాలమైంది.

"అంకుల్, దీని తర్వాతి ముక్క మీ దగ్గరేమైనా ఉందా?"

"లేదమ్మా. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఆయనకి దగ్గొచ్చింది."

"ఎవరికి?"

"కూసినాయనకి."

ఆమె ఫక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు.

"మేం వెళ్ళేసరికి పిట్టలెక్కడున్నాయమ్మా? మిషను మోసుకుని చిత్తడంతా గాలించాం. ఒక్కటీ కూయలేదు. ఆఖరికి ఆయన్ని పట్టుకొచ్చి మైకు ముందు కూచోబెట్టాం. వేటకొచ్చే పెద్దమనుషులకి పిట్టల్ని పిలిచిపెట్టడం ఆయన పని. ఆయన కూస్తే నిజం పిట్టలే నమ్మి తుపాకుల ముందు వాలేవి. ఇంక మనమెంత?"

"ఆయనకి దగ్గా?" అని మళ్ళీ అడిగింది ఆమె.

"దగ్గు తగ్గాక మళ్ళీ తియ్యండి బాబూ అని ఎంత బతిమాలాడో! వచ్చింది చాల్లే, పిట్టదేనని చెప్పేద్దాం అన్నాడు మా పై ఆఫీసరు. బయట నోరు విప్పొద్దని ఆయన చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఆ మాట మీదే ఉండిపోయాడు పిచ్చి మనిషి."

"ఇప్పుడెక్కడున్నారాయన?"

"ఈమధ్యే వచ్చాడు. 'నేను పిలిస్తేనే కదా అవన్నీ వచ్చి చచ్చాయి, వాటి కూతైనా పూర్తిగా ఇచ్చి పోతాను' అని ఏడ్చాడు. మీ సినిమా సంగతి చెప్పి, మీ స్టూడియోకి నేనే పంపాను. వచ్చాడా?"

"వచ్చారు," అంది ఆమె.

"హమ్మయ్య. మొన్న ఆదివారం పోయాడమ్మా. పోయేలోపు మీరు రికార్డు చేసి ఉంటారులే అని, నాకదొక్కటే తృప్తి."

దేశంలో మిగిలిన ఆఖరి తెల్లమెడ పిట్టను వాచ్‌మన్ చేత మెట్లు దింపించింది తనే.