మోకాళ్ల వంతు

ఆ మంగళవారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్లు: నరసమ్మ, ఆమె మనవరాలు చిన్నారి, గంప కింద పదకొండు కోడిపిల్లలు, ఆ వేళప్పుడు అక్కడ ఉండకూడని పక్కింటి మణెమ్మ. వీధిలో జీపు ఆగిన చప్పుడైంది.

"వచ్చీసింది! వదినా, నువ్వు లోపలికెల్లిపో," అంది మణెమ్మ.

"నా ఇంట్లోంచి నన్నే పొమ్మంతన్నావేటే?"

"ఇయ్యాల నరసమ్మని నేను కదా!"

చోడవరంలో మోకాళ్ల నొప్పుల మీద పరిశోధన జరుగుతోంది. ఆరు నెలల కిందట డాక్టర్లు చీటీలు తీస్తే నరసమ్మకు ఎక్సర్‌సైజులు వచ్చాయి, మణెమ్మకు ఉత్త సలహాల కాగితం వచ్చింది. కాలువ నీళ్లకు చీటీల్లో వంతు వచ్చినవాళ్లు, పక్కవాళ్ల చెరుకు ఎండిపోతుంటే తమ వంతు వాళ్లకిచ్చేయడం ఆ ఊళ్లో మామూలే. మణెమ్మ మోకాళ్లు మరీ ఎండిపోయాయి. అందుకని నరసమ్మ తన వంతు ఆమెకిచ్చేసింది. అప్పటినుంచి నరసమ్మ కార్డు పట్టుకుని మణెమ్మే ఎక్సర్‌సైజులకు వెళ్తోంది. ఇప్పుడు చర్చిలో అందరితో పాటు మోకరించి, ఎవరూ లేవదీయకుండానే లేస్తోంది. ఇంకా ఆరు నెలలు మిగిలున్నాయి. సంగతి బయటపడితే ఇద్దరి పేర్లూ కొట్టేస్తారు.

నరసమ్మ గొణుక్కుంటూ వెళ్లి లోపలి గదిలో ధాన్యం బస్తాల వెనక చతికిలబడింది.

కొలతలు తీసే మేడమ్ లోపలికొచ్చింది. మెడలో గుర్తింపు కార్డు బోర్లా తిరిగి ఉంది.

"నేను గౌతమినండి, కొలతలకి వచ్చాను. ఒక్క మాట. మీరు ఎక్సర్‌సైజులు చేశారో లేదో నాకు చెప్పకూడదు. తెలిస్తే నా చెయ్యి ఒకవైపు మొగ్గుతుందని రూలు."

"సెప్పం తల్లీ. సచ్చినా సెప్పం," అంది మణెమ్మ మనస్ఫూర్తిగా.

"మీ పేరు?"

"మణె... నరసమ్మ."

"మణెనరసమ్మా?"

"ఉత్త నరసమ్మేనమ్మా."

మేడమ్ రాసుకుని మంచినీళ్లడిగింది. మణెమ్మ హుషారుగా లేచి నేరుగా కోళ్లగంప దగ్గరికి వెళ్లింది. తర్వాత దేవుడి గూట్లోకి తొంగిచూసింది.

"ఒసే చిన్నారీ, మన గ్లాసులెక్కడుంటాయే?"

చిన్నారి మాట్లాడకుండా గ్లాసు తెచ్చిచ్చింది. కొత్తవాళ్ల ముందు ఆ పిల్లకు నోరు పెగలదు. బళ్లో హాజరు పలకడానికే చెవులు ఎర్రబడతాయి.

పరీక్ష మొదలైంది. చేతులు గుండెల మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా కుర్చీలోంచి లేవాలి, కూర్చోవాలి. అరనిమిషంలో ఎన్నిసార్లో మేడమ్ లెక్కపెడుతుంది. మణెమ్మ లేచింది, కూర్చుంది, లేచింది. కుర్చీ కిర్రుమంది. పదిహేడు!

"స్తోత్రం ప్రభువా!" అని రెండు చేతులూ పైకెత్తింది మణెమ్మ.

మేడమ్ తలెత్తి ఎదురుగా గోడమీదున్న సింహాద్రి అప్పన్న పటం చూసింది. మణెమ్మ వైపు చూసింది. ఇక తప్పదని చిన్నారి నోరు విప్పింది.

"మా మామ్మ అందరు దేవుళ్లకీ మొక్కుతాదండీ."

"మంచి అలవాటే," అంది మేడమ్, సంచీ సర్దుకుంటూ.

సరిగ్గా అప్పుడే బస్తాల వెనకనుంచి కేక వినబడింది.

"ఓలమ్మో! నా మోకాలు పట్టీసిందిరో!"

"ఎవరది?"

మణెమ్మ చూపు చిన్నారి మీద పడింది. చిన్నారి చూపు కోడిపిల్లల మీద పడింది. అవేం సాయం చేయలేదు.

"పక్కింటి... మణెమ్మ మామ్మండి."

"మణెమ్మా? నా లిస్టులో తర్వాత పేరు అదే! ఆ బస్తాల వెనక ఏం చేస్తున్నారు?"

"మాయింట్లో సోటు లేదమ్మా," అంది నరసమ్మ లోపల్నుంచి.

మేడమ్, మణెమ్మ చెరో రెక్కా పట్టుకుని లాగితే నరసమ్మ కుంటుకుంటూ బయటికొచ్చింది. మేడమ్ ఆమెనూ అదే కుర్చీలో కూర్చోబెట్టింది. నరసమ్మ ఆరుసార్లు లేచింది. ఏడోసారి లేవలేదు.

"లేవండి మామ్మగారూ, ఇంకా టైముంది."

"నువ్వెల్లి నీ పన్లు సూసుకో తల్లీ. నేనిక్కడే ఉంతాను."

మేడమ్ రాసింది: నరసమ్మ పదిహేడు, మణెమ్మ ఆరు. "అబ్బ, ఎంత తేడా!" అని చటుక్కున నోరు మూసుకుంది. "నేనేమీ అనలేదు, మీరేమీ వినలేదు."

ఆమె గడప దాటగానే ముసలివాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వుకున్నారు. "గెలిసీసేం వదినా!" అంది మణెమ్మ.

చిన్నారికి మాత్రం నవ్వు రాలేదు. రోజూ రాత్రి జరిగింది జరిగినట్టు రాసుకునే తన డైరీలో ఇవాళ ఏం రాయాలి? ఇంతవరకు అందులో ఒక్క అబద్ధం లేదు. అక్కడే నిలబడి గోరు కొరుక్కుంది. తర్వాత ఒక్క పరుగున జీపు దగ్గరికి వెళ్లింది.

"మేడమ్! మీకొకటి సెప్పాలండి."

"ఎక్సర్‌సైజు సంగతైతే వద్దు. నేను వినకూడదు."

"అది కాదండి. పేర్లండి. మా మామ్మ తన వంతు మణెమ్మ మామ్మకిచ్చీసింది. ఇయ్యాల ఆవిడే మా మామ్మలాగ కూకుంది. మీరు రాసింది రైటేనండి. కానీ ఆళ్లు ఆళ్లు కాదండి."

పుట్టి బుద్ధెరిగాక చిన్నారి ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడలేదు. కళ్లు గట్టిగా మూసుకుని తిట్ల కోసం ఎదురుచూసింది. తిట్లు రాలేదు. కళ్లు తెరిచేసరికి మేడమ్ జీపులో కూర్చుని వీధి అటూ ఇటూ చూస్తోంది. మెడలో బోర్లాపడ్డ కార్డును పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"ఒసే గుంటా, మెల్లగా! గౌతమి మేడమ్‌కి మోకాళ్లు పట్టేసి మంచం దిగట్లేదు, ఆవిడ వంతుకి నేనొచ్చేను," అని గుసగుసలాడి, జీపు తలుపు ధడాలున వేసేసింది.