పంటి గాటు

2024 ఆగస్టు 18, ఆదివారం, ఉదయం పదకొండు గంటలు. తిరుమంగళం తెలుగు కాలనీ సంఘం గది. హాజరైనవారు: సంఘం పెద్ద అయిన తలైవరు ఇరుళప్పన్, ఆయన అన్న కొడుకు సెంతిల్, రాతపని చూసే ఆరోగ్యమేరి, కాలనీ మగవాళ్ళు ముప్పైమంది, నిందితుడు కుళందైసామి.

నిందితుణ్ణి స్తంభానికి కట్టేశారన్న సంగతి ఆరోగ్యమేరి రాసిన ఆ కాగితంలో లేదు.

సెంతిల్ ముంజేయి చాపాడు. పైన నాలుగు, కింద నాలుగు పంటి గుర్తులు. లోతుగా దిగాయి. అంచుల్లో నెత్తురు నల్లబడింది.

"నిన్న సాయంత్రం కుళాయి చూసేదానికి వీళ్ళింటికి పోతే మీద పడి కొరికినాడు, చిన్నాయనా. ఆ జబ్బు నాకు అంటించాలని."

ఆ జబ్బు హెచ్.ఐ.వి. అని కాలనీ అంతటికీ తెలుసు. నాలుక మీద తెల్లటి పూత, చిగుళ్ళ నుంచి చీము. నాలుగేళ్ళుగా కుళందైసామి నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకొనే బయటికి వస్తున్నాడు. అతను తాగిన లోటాను ఎవరూ ముట్టరు.

"ఆస్పత్రికి పోయినావా తమ్ముడూ? మందు బిరాన వేసుకోవాలంట" అంది ఆరోగ్యమేరి.

"రేపు పోతాలే అక్కా."

సెంతిల్ బెల్టు విప్పాడు. ఇనుప బకిలు దవడ మీద పడింది.

"డేయ్, పళ్ళు రాలగొడతా ఈపొద్దు."

రెండో దెబ్బకు పెదవి చీలింది. మూడో దెబ్బకు తుండుగుడ్డ ఎర్రగా తడిసింది. నెత్తురు చిందగానే ముందు వరుస వెనక్కి దూకింది.

"బెల్టుతోనే వేయప్పా, చెయ్యి తగలనీయొద్దు" అన్నాడొకడు. నలుగురు నవ్వారు.

బయట కుళాయి దగ్గర అతని కూతురు సత్యప్రియ నోరు పుక్కిలించి ఉమ్ముతోంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. నిన్నటి నుంచీ అదే పని.

"నాయన జబ్బు తనకూ వచ్చిందని భయమేమో" అని వెనక నుంచి ఇంకొకడు వెక్కిరించాడు.

ఆమె గుమ్మం దాకా వచ్చింది. "నాయనా, నేను..."

"పో తల్లీ. లోపలికి రావద్దు."

ఇరుళప్పన్ చెయ్యెత్తి బెల్టును ఆపాడు. "కొరికింది నువ్వేనా?"

కుళందైసామి తల ఊపాడు.

"నోటితో చెప్పు."

"నేనే." చీలిన పెదవుల మధ్య మాట ముద్దగా వచ్చింది. "వేరే ఎవరికీ సంబంధం లేదని రాయండి."

తీర్పు రెండు వాక్యాలు. పొద్దు గూకేలోగా ఇల్లు ఖాళీ చేయాలి. మళ్ళీ కాలనీలో అడుగు పెట్టకూడదు. వీధులూడ్చే పనికి వచ్చిన తాత కట్టిన ఇల్లది. భార్య కన్ను మూసిందీ అందులోనే.

"ఎక్కడికి పోతావన్నా?" ఆరోగ్యమేరి గొంతు తగ్గించి అడిగింది.

"కారమడైలో చెల్లెలుండాది."

కట్లు విప్పారు. అతను తీర్పు కాగితం మీద సంతకం పెట్టి, తన ప్రతి తీసుకొని ఇంటికి నడిచాడు. సత్యప్రియ గిన్నెలు మూటగడుతోంది. తండ్రి ముఖంలోకి చూడలేకపోయింది.

కుళందైసామి ఇనుప పెట్టె తెరిచాడు. నోట్లో మిగిలిన ఆఖరి పళ్ళు కూడా బుధవారమే పీకేసినట్టు మదురై ఆస్పత్రివాళ్ళు రాసిచ్చిన చీటీ కింద, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాచాడు.